యాభై రెండులోంచి పదిహేడు

వమరవల్లి డైట్‌లో చదివిన రోజుల్లో
పిల్లికి పెట్టె తలుపు తెరవడం నేర్పగలిగేదాన్ని.
గంట మోగించి కుక్కకు నోరూరించేదాన్ని.
సంసిద్ధత, అభ్యాసం, ఫలితం:
మూడు నియమాలూ ఎనిమిది మార్కులకు
స్కేలుతో అడుగున గీతలు కొట్టి మరీ రాసేదాన్ని.

పొందూరు బడిలో
పిల్లీ లేదు, పెట్టే లేదు.
నాలుగో తరగతి. ఇరవై ఆరుగురు.
రెండు ఫ్యాన్లు, ఒకటి తిరుగుతుంది.
తిరగని ఫ్యాను కింద ముఖలింగం,
తాత పేరు బరువైనట్టు
కొంచెం వంగి కూర్చుంటాడు.

యాభై రెండులోంచి పదిహేడు తీస్తే
వాడికి నలభై ఐదు.
నిన్నా నలభై ఐదే. సోమవారమూ అంతే.
డెబ్భై ఒకటిలోంచి ముప్పై ఎనిమిది తీస్తే
నలభై ఏడు.

అభ్యాస నియమం ప్రకారం
ఇరవై లెక్కలిచ్చాను. ఇరవై తప్పులొచ్చాయి.
ఫలిత నియమం ప్రకారం
ఒప్పు చేస్తే వేరుశనగ చిక్కీ అన్నాను.
వారం తిరిగేసరికి ఆ చిక్కీ
బ్యాగులో పాకం కారి
హాజరు పట్టీకి అంటుకుంది.
నేర్చుకునే దారిలో పీఠభూములుంటాయి,
ఓపిక పట్టండి అనేవారు మా లెక్చరరు.
మూడు వారాలు పట్టాను.
ఆ తర్వాత ప్రోగ్రెస్ కార్డులో
"శ్రద్ధ లేదు" అని రాశాను.
ఆ రెండు మాటలకు
ఏ సిద్ధాంతమూ అక్కర్లేదు.

వానకు సగం బడి రాని ఒక పూట
వాడి బల్ల మీదే కూర్చుని
దిద్దకుండా, మొదటిసారి, అడిగాను:
ఎలా చేశావు రా?

వాడు నావైపు జాలిగా చూశాడు.
"ఏడులోంచి రెండు తీసినాను. అయిదు.
అయిదులోంచి ఒకటి. నాలుగు.
పెద్దదాన్లోంచే సిన్నది తియ్యాల గదా మేడమ్.
మీరే గదేటి ఒకటో తరగతిలో సెప్నారు."

అవును. నేనే.
ఇదే నల్లబల్ల ముందు, మూడేళ్ళ కిందట.
అందరూ వదిలేసిన మాటను
వీడొక్కడే
భద్రంగా దాచుకున్నాడు.
ఇన్నాళ్ళూ ఎర్ర పెన్నుతో నేను కొట్టేసింది
నా మాటనే.

కార్డు వెనక్కి అడగాలని
సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను.
నాయనమ్మ దాలమ్మ
అరటిదొప్పలోంచి ఏకు తీసి రాట్నం తిప్పుతోంది.
పక్కన వాలుగ చేప దవడ,
దాని పళ్ళలో ఇంకా పత్తి నలక.
నూలు పుటుక్కుమంది.
తెగిన కొసలు కలిపేస్తుందనుకున్నాను.
ఆమె కదురు మీంచి వెనక్కి
జానెడు, మూరెడు, బారెడు
వేళ్ళ మధ్య తడుముకుంటూ పోయింది.
"తెగింది ఇక్కడే గానీ
సన్నబడింది అక్కడ" అంది.
నాతో కాదు. దారంతో.

మర్నాడు చీపురు పుల్లలు తెచ్చాను.
దాలమ్మ ఇచ్చిన పనికిరాని నూలుతో
పదేసి పుల్లలు ఒక కట్ట.
అయిదు కట్టలు, విడిగా రెండు.
పదిహేడు ఇవ్వరా.
ముందు ఏడు విడి పుల్లలివ్వు.
"రెండే ఉన్నాయి గదా."
నేనేమీ అనలేదు.
నోరు మూసుకోవడం ఏ శిక్షణలోనూ పెట్టరు,
గోళ్ళు అరచేతిలో గుచ్చుకుంటూ
నాకు నేనే నేర్చుకున్నాను.
వాడు పుల్లల్ని చూశాడు. నన్ను చూశాడు.
కట్టను చాలాసేపు చూశాడు.
తర్వాత పళ్ళతో దారం కొరికాడు.

ముప్పై ఐదు.

ఇక్కడ ఆపేస్తే బాగుండేది.
శనివారం, పుల్లలు లేకుండా,
అరవైలోంచి ఇరవై నాలుగు ఇచ్చాను.
వాడు నలభై రాశాడు.

ఎలా రా?

"సున్నాలోంచి నాలుగు తియ్యమన్నారు.
లేనోడి కాడ ఏటి తీస్తాం మేడమ్,
ఒగ్గీసినాను."

ఎర్ర పెన్నుకు మూత పెట్టాను.
కొంచెం జరగమని
మళ్ళీ వాడి పక్కన కూర్చున్నాను.